చైనుకు కొబ్బరినూనె

ఎడారిలో రేసు బండి నడిపేవాడు చైనుకు నూనె రాయడు. తడి చైనుకు ఇసుక పట్టుకుంటుంది, ఇసుక పట్టిన చైను పళ్ళ చక్రం మీద నిలవదు. అంతే, ఇదేమీ పెద్ద విద్య కాదు. చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. మా బావకు నేను చెప్పలేదు, ఒప్పుకుంటాను. అయినా ఎవరు చెబుతారండీ? తలకు రాసుకునే కొబ్బరినూనె తీసుకెళ్ళి రేసు బండికి పూయకు బావా అని ముందుగానే చెప్పి పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

బహ్రెయిన్‌లో, మామీర్ అనే చోట ఇనుప పైపులు కోసే యార్డులో నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గ్రైండరు మోత, కళ్ళకు మంట, ముక్కుల్లో ఇనుప పొడి. ఊళ్ళో నేను మోటారు సైకిళ్ళ రిపేరు నేర్చుకున్నవాణ్ణి. ఈ పైపుల నుంచి బయటపడి మళ్ళీ బండ్ల మీద చెయ్యి వేయాలని ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. అందుకే ప్రతి శుక్రవారం హిద్ వెళ్ళి, ఒక గ్యారేజీలో ఊరికే పని చేసేవాణ్ణి. గ్యారేజీ యజమాని బహ్రెయినీ. రాళ్ళ గుట్టల మీద నడిపే రేసు బండ్లంటే పిచ్చి, మాట మాత్రం పొదుపు. ఒకనాడు మూలన పడి ఉన్న పాత బండి చూపించాడు. దీన్ని నువ్వే బాగుచెయ్యి, రేసులో నువ్వే నడుపు, టైములోగా చివరిదాకా తెస్తే నిన్ను మెకానిక్‌గా పెట్టుకుంటాను, వీసా నా దగ్గరికి మార్పిస్తాను అన్నాడు. గెలవమనలేదు, చివరిదాకా తెమ్మన్నాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

రేసు సఖీర్ వైపు ఎడారిలో. ఎడారి అనగానే మెత్తటి ఇసుక దిబ్బలు అనుకుంటారు. ఇక్కడ అన్నీ సున్నపురాయి గుట్టలు, కాలు పెడితే జారే గులకరాళ్ళు, మధ్యమధ్యలో పిండిలాంటి ఇసుక. ఇది చాలదన్నట్టు రేసు పెట్టేవాళ్ళు దారికి అడ్డంగా దుంగలు, లారీ టైర్లు పడేస్తారు. పడితే ఎవరి బండి వాళ్ళే లేపుకోవాలి. చూడటానికి వచ్చినవాళ్ళు ఎవరైనా చెయ్యి వేశారంటే రేసు నుంచి తీసేస్తారు.

ఇక మా బావ. అక్క మొగుడు, ఊళ్ళో తాపీ మేస్త్రీ. కొన్ని నెలల కిందటే వచ్చి, పనివాళ్ళం ఉండే మా క్యాంపులో, నా గదిలోనే దిగాడు. అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. నా రగ్గు ఎండకు వేస్తానని తీసుకెళ్ళి ఎక్కడో మరిచిపోతాడు. నేను పప్పు వండితే చింతపండు తక్కువైందని గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెడతాడు. ఒక్క మాట అనడానికి లేదు. అక్క మొగుణ్ణి తిడితే ఇంటిదగ్గర ఎంత రచ్చవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పైగా మనిషి చెడ్డవాడైనా బాగుండేది, మనసారా తిట్టుకునేవాణ్ణి.

“ఒక్కనివి ఎట్ల పోతవ్ బామ్మర్దీ? నీకేమన్నైతే మీ అక్కకు నేనేం జవాబు చెప్పాలె?” అని రేసు రోజు తెల్లవారకముందే తయారై కూర్చున్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఏముందో అడగకపోవడం నా కర్మ.

రేసు మొదలయ్యేముందు నిబంధనలు చెప్పడానికి నడిపేవాళ్ళందర్నీ ఒక చోటికి పిలిచారు. బండి దగ్గర బావను ఉంచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బండికి పెళ్ళికళ వచ్చింది. నంబరు పలకకు కుంకుమ బొట్లు, హ్యాండిల్‌కు గుచ్చిన అగరబత్తి, రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. సరే, దసరాకు ఇంట్లో చేసేదే కదా, నిమ్మకాయలతో పోయేదేముంది అనుకున్నాను. అప్పుడు తగిలింది వాసన. వంగి చూస్తే చైను తళతళా మెరుస్తోంది.

“ఏంది బావా ఇది?”

“చైన్ మొత్తం ఎండిపోయింది గదా, చూస్కోలేదా నువ్వు? చలికి నూనె గడ్డగట్టింది, ఎండకు పెట్టి కరగవెట్టిన. ఒక్క సందు ఇడ్సిపెట్టలే, బ్రష్షుతోని పూసిన.”

“ఏ బ్రష్షు?”

“నీదే, పండ్లు తోముకునేది. సంచిల ఉండె.”

“ఒక్క మాట అడగాలె గద బావా!” అన్నాను, పళ్ళు బిగబట్టి.

“గింతదానికి అడుగుడేంది? మనది గాదా బండి?” అన్నాడు.

అంతలో మా వరుస పిలిచారు. దొరికిన గుడ్డతో పైపైన తుడిచాను. లోపలికి ఇంకిన నూనె తుడిస్తే పోతుందా? నిమ్మకాయలు తొక్కించి, నన్ను సాగనంపి బావ చేతులెత్తి దండం పెట్టాడు.

గుట్టల మీద బాగానే పోయింది. ఇసుకలో దిగాక కరకరమని మొదలైంది. కాసేపటికి వెనక చక్రం పట్టేసింది, చైను ఊడి వేలాడింది. చేతి తొడుగులు తీసి, స్క్రూడ్రైవరుతో ఇసుక గీకి, చైను ఎక్కించాను. కొంచెం దూరం పోయాక మళ్ళీ ఊడింది. నన్ను దాటిపోయేవాళ్ళ దుమ్మంతా నా మొహం మీదే. ఆ రాళ్ళలో కూర్చుని, ఎవరూ వినడం లేదు కదా అని, మా బావను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎన్నాళ్ళదో బాకీ తీరినట్టు హాయిగా అనిపించింది.

చివరి గుట్ట ఎక్కుతుండగా మూడోసారి ఊడింది. బండి వెనక్కి జారి నా కాలి మీద పడింది. పైన తాడు కట్టి జనాన్ని ఆపారు. ఆ జనంలోంచి తాడు కిందుగా దూరి బావ పరిగెత్తుకొచ్చాడు.

“ముట్టకు బావా! నీకు దండం పెడ్త, ముట్టకు!”

“కాలు కిందున్నది గదరా!”

“ముట్టుకున్నవంటే నా నౌకరి పోతది!”

అలాగే ఆగిపోయాడు, చాచిన చేతులు చాచినట్టే. మనిషి పడితే లేపకుండా నిలబడటం ఆయన పుట్టి బుద్ధెరిగి చేసిన పని కాదు. నేను కాలు లాక్కుని, లేచి, బండి లేపుతున్నంతసేపూ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ చూశాడు. ఇక చైను ఎక్కలేదు. మిగతా దారంతా తోసుకుంటూ పోయాను. నేను చేరేసరికి గడువు దాటిపోయింది, జెండాలు పీకేస్తున్నారు.

గ్యారేజీ యజమాని అక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చైను పట్టుకున్నాడు. వేళ్ళు వాసన చూశాడు.

“కోకోనట్! కోకోనట్!” అన్నాడు బావ, ఆయన మెచ్చుకుంటున్నాడనుకుని. తన రొమ్ము మీద తట్టుకుని బొటనవేలు పైకెత్తి చూపించాడు.

యజమాని నా వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు, “నూనె ఇతను పెట్టాడా? నీకు తెలియకుండానా?”

అవును అంటే సరిపోయేది. ఆ మనిషి న్యాయం తెలిసినవాడు, ఇంకో రేసు చూద్దాంలే అనేవాడు. పొద్దున్నుంచి నా గొంతులో అడ్డంపడి ఉన్నది ఆ ఒక్క మాటే. పక్కన చూస్తే బావ తన కండువాతో నా మెడ మీది దుమ్ము తుడుస్తున్నాడు, మొహం వెలిగిపోతోంది.

“నేనే పెట్టమన్నాను,” అన్నాను. ఎందుకన్నానో నన్నడక్కండి, ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆయన చైను వదిలి లేచాడు. “ఇసుకలో చైనుకు నూనె పెట్టేవాడికి నా గ్యారేజీలో ఏం పని? ఖలాస్,” అని బండి పికప్‌లో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

“ఖలాస్ అన్నడు, ఏం ఖలాస్?” అన్నాడు బావ.

“రేసు ఖలాస్ అన్నడు.”

“నూనె గురించి ఏమన్నడు మరి? వాసన జూసిండు గదా.”

“మంచి నూనె అన్నడు.”

అంతే, ఫోను తీసి అక్కకు వీడియో కాల్ చేశాడు. “మీ తమ్ముడు గుట్ట మీదికెళ్ళి పడ్డా దెబ్బ తగల్లేదు. అంత పూజ మహిమ. నూనె పెట్టింది నేనే, గ్యారేజాయన మెచ్చుకున్నడు!” అని రోడ్డు పక్కన నిలబడి అరుస్తున్నాడు. “మరి నౌకరి సంగతి?” అని అక్క అడగడం నాకు వినిపించింది. బావ నా వైపు చూశాడు.

“చూస్తనన్నడు,” అన్నాను.

“ఇస్తడు తియ్యి. గింత కష్టపడ్డోనికి ఇయ్యక ఇంకెవలికి ఇస్తడు?” అని ఫోను పెట్టేసి, సంచిలోంచి ఆ సీసా తీశాడు. అడుగున ఇంకా కొంచెం ఉంది. “తలంత దుమ్ము గొట్టుకపోయింది, దా, కూసో.”

“వద్దు బావా.”

“ఏ, కూసో.”

కూర్చున్నాను. క్యాంపు వైపు పోయే వ్యాను ఇంకా రాలేదు. తెల్లారితే మళ్ళీ పైపులు, మళ్ళీ గ్రైండరు. అరచేతిలో నూనె వంచుకుని నా నెత్తిన పెట్టి మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.

“కండ్లు మూస్కో బామ్మర్దీ, నూనె పడ్తది,” అన్నాడు.

మూసుకున్నాను.