పాత ఫ్రెంచి టాకీలూ, మా నాన్న గొంతూ

జర్మనీ అంచునున్న మా జార్‌బ్రూకెన్‌లో ట్రామ్ ఎక్కి కునుకు తీస్తే ఫ్రాన్స్‌లో లేస్తాం. సరిహద్దు అంత దగ్గర. అందుకేనేమో ఊళ్లో ఓ చిన్న సినిమా హాల్లో నెలకో ఆదివారం మధ్యాహ్నం పాత ఫ్రెంచి సినిమాలు వేస్తారు. బొమ్మకు మాట వచ్చిన కొత్తల్లో తీసినవి. కింద జర్మన్ అక్షరాలు పడతాయి. వచ్చేది గుప్పెడు మంది, అందులోనూ తెల్ల జుట్లే ఎక్కువ.

నేనేమీ సినిమా మీద ప్రేమతో వెళ్లలేదు. ఇంట్లో ఉండలేక వెళ్లాను. చీకట్లో కూర్చుంటే కాసేపు ఎవరూ ఏమీ అడగరు, అది చాలు. నాన్నను ఎందుకు తీసుకెళ్లానంటే, మాటా పలుకూ లేకుండా కూర్చునే ఆయన్ని ఇంట్లో వదిలి రాబుద్ధి కాలేదు.

మా నాన్న సూర్యాపేటలో బస్సు డిపో మెకానిక్కు. యూనియన్ మనిషి, ఎర్రజెండా మనిషి. సమ్మె వస్తే పొద్దున్నే గేట్ మీటింగులో మాట్లాడేది ఆయనే, పాట ఎత్తేదీ ఆయనే. మైకు లేకపోయినా బస్టాండు దాకా వినిపించేదనేవారు. "గేటు కాడ అలవాటైపోయి, ఇంట్ల ఉప్పడగనీకె గూడ నినాదమిస్తడు" అని అమ్మ బతికున్నప్పుడు ఎగతాళి చేసేది. పోయినేడు ఆయనకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. గాయం మానాక విజిట్ వీసా మీద మా దగ్గరికి తెచ్చుకున్నాను.

నాకు ఏడుపు రాలేదు. డాక్టరు చెప్పినప్పుడూ రాలేదు, మెడకు చేసిన రంధ్రం చూసినప్పుడూ రాలేదు. పంటికి మత్తు సూది వేశాక దవడ ఉంటుంది చూడండి, ఉందని తెలుస్తుంది గానీ మనది కాదనిపిస్తుంది. నెలల తరబడి నేను మొత్తం అలాగే ఉన్నాను. మా ఆయనది వేరే ఊళ్లో ఉద్యోగం, సెలవురోజుల్లోనే వస్తాడు. నేను ఆఫీసుకు వెళ్లాను, కోడ్ రాశాను, కూతుర్ని పిల్లల బడిలో దింపాను, తెచ్చుకున్నాను.

డాక్టర్లు నాన్నకు ఒక గొంతు మిషను ఇచ్చారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. గదవ కింద ఆనించి, బటన్ నొక్కి, పెదాలు కదిపితే మాట వస్తుంది. ఎత్తూ పల్లం లేకుండా, డబ్బాలోంచి వచ్చినట్టు గరగరమంటుంది. మా ఇంటికి వచ్చిన రోజే నా కూతుర్ని దగ్గరికి పిలిచి, దాంతో "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. ఐదేళ్ల పిల్ల. కెవ్వున అరిచి బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. ఎంత బతిమాలినా చాలాసేపు బయటికి రాలేదు. నాన్న మిషను తీసుకెళ్లి సొరుగులో పెట్టేశాడు.

మళ్లీ తీయలేదు. ఆయన మాట్లాడకపోతే కొంచెం కొంచెంగా ఆరిపోతాడని నాకు తెలుసు. సగం అన్నం వదిలేస్తున్నాడు, కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవడం లేదు. తెలిసి నేను చేసిందల్లా ఆయన బదులు మాట్లాడటం. ఆసుపత్రి అపాయింట్‌మెంటుకు వెళ్తే డాక్టరుతో నేనే, బేకరీలో నేనే. ఆఖరికి ఇంట్లో కూడా "తాతకు ఆకలి లేదట", "తాతకు చలిగా ఉందట." ఆయన నా వంక చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగేవాడు.

సినిమా హాలుకు మాత్రం రమ్మంటే వచ్చాడు. అక్కడ ముందుగా ఓ పెద్దావిడ లేచి నాలుగు ముక్కలు చెప్పేది. సరిహద్దు అవతల బొగ్గుగనుల ఊళ్లో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఆ రోజుల్లో మైకును పూలకుండీలోనో దీపం వెనకాలో దాచేవారట, నటులు దాన్ని వదిలి దూరం జరగడానికి లేదట. కెమెరా చప్పుడు వినపడకూడదని దాన్నీ, తిప్పేవాణ్నీ కలిపి ఓ గూట్లో పెట్టి తలుపేసేవారట. సౌండు మిషన్ల మీద హక్కులన్నీ పెద్ద కంపెనీల చేతుల్లో ఉండేవి. ఎర్రజెండా వాళ్ల దగ్గర అంత డబ్బెక్కడిది? అందుకని ఊరంతా టాకీలు ఆడుతున్నా వాళ్లు ఇంకా మాటల్లేని బొమ్మలే తీసుకున్నారు. తర్వాత కమ్యూనిస్టులూ సోషలిస్టులూ చేతులు కలిపి ఎన్నికల్లో గెలిచిన కాలంలో, కార్ఖానాలన్నీ సమ్మెకు దిగిన కాలంలో, యూనియన్ల అండతో మాట్లాడే సినిమాలు వచ్చాయట.

"చందాలేసుకొని తీసిన్రంట నాయినా" అని నేను చెవిలో చెప్పాను. నాన్న కనుబొమలు పైకి లేచాయి. డిపోలో చందా రసీదులు చింపినవాడు కదా.

ఆ హాల్లో ఒక ఆచారం ఉంది. అవతలి వైపు పాత సినిమా క్లబ్బుల నుంచి వచ్చిందని ఆవిడ చెప్పింది. బొమ్మ అయిపోగానే కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చోవాలి. వరసగా ప్రతి ఒక్కరూ ఒక్క మాటైనా చెప్పాలి. జవాబివ్వకూడదు, చప్పట్లు కొట్టకూడదు. "చూసి దులుపుకుని పోవడానికి ఇది డబ్బున్నవాళ్ల నాటకశాల కాదు" అనేది. చీకటి కోసం వెళ్లిన నాకు చివర్లో ఈ పరీక్ష. మొదటిసారి వంతు నాన్న దాకా వచ్చినప్పుడు "మా నాన్న మాట్లాడలేరు. బాగా నచ్చిందంటున్నారు" అని చెప్పేశాను. రెండోసారీ అదే చెప్పాను. ఆవిడ తలూపి పక్కవాళ్ల వైపు తిరిగింది.

మూడోసారి వేసింది ఓ బట్టల మిల్లు సమ్మె కథ. మిల్లు ఆవరణలో ఓ నడివయసు కార్మికురాలు బల్ల ఎక్కి మాట్లాడుతుంది. ఫిల్ము అరిగిపోయింది. ఆమె గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు గరగరమంటోంది, మధ్యమధ్య ఊడిపోతోంది. వెనక ఎవరో కుర్రకారు కిసుక్కుమన్నారు. కాసేపటికి వాళ్లూ ఆపేశారు. ఆమె చెబుతూనే ఉంది, కింద నిలబడ్డవాళ్లు టోపీలు తీసి వింటున్నారు. నాన్న ముందుకు వంగి, ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయన్ని చూశాను గానీ నాకేమీ అనిపించలేదు.

కుర్చీలు గుండ్రంగా వేశారు. వంతు మా దాకా వచ్చింది. అలవాటుగా "మా నాన్నకు..." అని మొదలుపెట్టాను. నాన్న చెయ్యి పైకి లేచింది. గేట్ మీటింగులో గోల ఆపడానికి ఎత్తే చెయ్యి అది, చిన్నప్పుడు చూశాను. రెండో చేత్తో కోటు లోపలి జేబులోంచి మిషను తీశాడు. ఆ రోజే తెచ్చాడో, ప్రతిసారీ తెచ్చేవాడో నాకు తెలియదు. గదవ కింద ఆనించాడు.

"నువ్వాగు బిడ్డా. నేను జెప్త."

అప్పటిదాకా అలాంటి గొంతులే విన్న చెవులవి. ఎవరూ ఉలిక్కిపడలేదు. నాన్న తెలుగులోనే చెప్పాడు.

"మాది బస్సు డిపో. సమ్మెల గేటు కాడ నేను మాట్లాడేటోన్ని. గామె మాట నాకు రాదు. ఏం అడుగుతున్నదో మాత్రం సమజైంది. మేం గూడ గదే అడిగినం. ఇయ్యలే."

మిషను దించాడు. ఆవిడ నా వైపు తిరిగి "ఏమన్నారు?" అని అడిగింది. చెప్పాలని నోరు తెరిచాను. మాట పెగల్లేదు. అన్నాళ్లుగా ఆయనకు నోరై వాగినదాన్ని, అడిగినప్పుడు రెండు జర్మన్ ముక్కలు చెప్పలేకపోయాను. ఆవిడ పర్వాలేదన్నట్టు తలూపి పక్కవాళ్లను అడిగింది.

ట్రామ్‌లో నాన్న మిషను జేబులో పెట్టుకోలేదు, పిడికిట్లోనే పట్టుకున్నాడు. ఇల్లు దగ్గరపడేకొద్దీ నాకు భయం వేసింది. పిల్ల మళ్లీ అరిస్తే ఆయన ఇక ఎప్పటికీ దాన్ని బయటికి తీయడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. "ఇంటి కాడ వద్దులే నాయినా" అందామనుకున్నాను. నువ్వాగు అన్నాడు కదా, ఆగాను.

ఆదివారం కదా, ఇంట్లోనే ఉన్న మా ఆయన తలుపు తీశాడు. ఆయన కాళ్ల వెనక నా కూతురు. నాన్న గుమ్మంలోనే వంగి, మిషను ఆనించి, మొదటి రోజు అడిగిన మాటే అడిగాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?"

పిల్ల వాళ్ల నాన్న ప్యాంటు గట్టిగా పట్టుకుంది. పరిగెత్తలేదు. మిషను వంక చూసింది, తాత పెదాల వంక చూసింది. ఏం అడిగినా జర్మన్‌లో తప్ప జవాబు చెప్పని పిల్ల.

"తినలే" అంది.

నాన్న లోపలికి వెళ్లాడు. దాని వేలు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. నేను ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా బయట మెట్ల మీద కూలబడ్డాను. మత్తు దిగేటప్పుడు దవడ ఎలా సలుపుతుందో, ఒళ్లంతా అలా సలిపింది. అన్ని నెలల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. లోపల గిన్నెల చప్పుడు, దాని మీదుగా గరగరమంటూ మా నాన్న గొంతు.

"మీ అమ్మ గూడ తినలే. పిలువు."