చట్రంలో నిలబడిన జనం

అగ్గిపుల్ల గీసిన వాసన తగిలితే చాలు, తమిళనాడులోని మా గుడియాత్తం బడి గుర్తొచ్చి ఒళ్ళు పులకరిస్తుంది. నాకప్పుడు పదేళ్ళు. అక్షరం రాదు. బడి మానేసి రోజంతా అగ్గిపెట్టెల పనిలో కూర్చోమని అమ్మ పోరుతోంది. అక్షరాలొస్తేనే పోలికలూ వస్తాయనుకునేదాన్ని.

“నిన్న కట్చి మీటింగులో, అదే ఆ పార్టీ సభలో, జనం ఎట్లుండారు? పోలిక చెప్పండి” అన్నారు అయ్యవారు.

పిల్లలు చీమలన్నారు, ఇసకన్నారు. ఆగలేక లేచాను.

“చట్రంలో గుచ్చిన అగ్గిపుల్లల మాదిరి ఉండారయ్యోరా! ఒకటి అంటుకుంటే అన్నీ భగ్గుమంటాయి!”

“యాడ నేర్చినావు మే ఇది?”

“మందులో ముంచేదానికి ఇంట్లో దినామూ చట్రంలో పుల్లలు గుచ్చేదే కదా!”

అయ్యవారు పకపకా నవ్వి, నా మాటను అందరినీ పలకల మీద రాయమన్నారు. రాయలేనిదాన్ని నేనొక్కదాన్నే.

ఇంటికి ఉరికాను. “అమ్మా, ఇంక చట్రం పని సాయంత్రం బడి విడిచినాకే! నా మాట నేనే రాసుకోవాల!”

“సరే పో, రాక్షసీ” అంది అమ్మ.

ఏడాది పట్టింది. నా పేరుకంటే ముందు నేను రాసింది ఆ వాక్యమే.