గంట నడిస్తే ఒంటెల దొడ్డి

జూలై నెల రెండో శుక్రవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు నా ఫోన్ మోగింది. టైము ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, అప్పుడే బహ్రెయిన్‌లోని మా గదిలో ఉండే పఠాన్ డ్రైవర్ జుమా నమాజుకని చెప్పులేసుకుని మెట్లు దిగాడు. అతను ఇంకో రెండు నిమిషాలు ఆగి బయల్దేరే మనిషైతే నాకు ఈ కాగితం రాసే పని ఉండేది కాదు.

ఫోన్ చేసింది మా అక్క కొడుకు, నా మేనల్లుడు. నలభైకి రెండేళ్లు తక్కువ. బహ్రెయిన్ నుంచి సముద్రం మీది బ్రిడ్జి దాటి సౌదీ లోపలికి ట్రైలర్ తోలేవాడు. ఆ పని నేనే ఇప్పించాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు అదే దారిలో నేనే తోలాను. షుగర్ వచ్చి చూపు మసకబారాక కంపెనీవాళ్లు నన్ను స్టీరింగ్ ముందు నుంచి లేపి యార్డు గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

నాకు అప్పటికి చదువు రాదు. పద్దెనిమిదేళ్లూ బోర్డు చదవకుండానే తోలాను. ఫలానా మలుపు దగ్గర తిరగబడ్డ డ్రమ్ము, ఫలానా చోట జంట టవర్లు, అక్కణ్ణుంచి ఇసుక ఎర్రబడుతుంది, ఇట్లా. దారి మొత్తం తలలో ఉండేది. నా వెనకాల వచ్చిన మన తెలంగాణ పిల్లలందరికీ ఆ గుర్తులే నేర్పాను. వాళ్లు ఇంటర్లు, డిగ్రీలు చదివినవాళ్లు. అయినా నా నోటి దారినే నమ్మేవాళ్లు. నాకది గొప్పగా ఉండేది.

మనవాళ్లకు ఎడారి దారంటే భయం లేదు. ధైర్యం ఉండి కాదు, తెలియక. మన దగ్గర బండి ఆగితే దిగి నడుస్తాం. రెండు మైళ్లు పోతే ఒక ఊరు, ఒక బోరింగు, ఒక చాయ్ హోటలు తగులుతాయి. ఎవడో ఒకడు బండి ఆపి ఎక్కించుకుంటాడు. ఆ అలవాటు కాళ్లలోనే ఉంటుంది. ఇక్కడికొచ్చినా పోదు. పఠాన్లు అట్లా కాదు. మా గదిలో ఉన్నతను బ్రిడ్జి దాటుతున్నాడంటే రెండు డ్రమ్ముల నీళ్లు, పిండి, చాప లేకుండా కదిలేవాడు కాదు. మేం నవ్వేవాళ్లం. మా అల్లుడైతే "ఏం చాచా, కాపురం పెట్టబోతున్నవా?" అనేవాడు. అతనికి కోపం వచ్చేది కాదు. "గాడీ నహీ ఛోడ్నా" అనేవాడు, బండిని వదలొద్దని. ఎడారిలో బండి కనబడుతుంది, మనిషి కనబడడు. ట్రైలర్ కింద నీడలో పడుకో, స్టెపినీ టైరు తగలబెట్టు, పొగ చూసి ఎవరైనా వస్తారు. ఇదే అతని చదువంతా. మేం వినలేదు.

ఆ రోజు ఫోన్ స్పీకర్లో పెట్టాను. గదిలో శుక్రవారం కోడికూర పొయ్యి మీద ఉంది. అందరం చుట్టూ కూర్చున్నాం.

"మామా, బండి ఆగింది" అన్నాడు. గొంతులో నవ్వే ఉంది.

"ఏడ?"

"నువ్వు చెప్పిన పాత రోడ్డు మీదనే. రేడియేటర్ పైపు పగిలింది. క్యాన్ల నీళ్లన్ని దానికే తాపిన. తాగినట్టే తాగి మళ్ల కక్కింది."

అమ్వాజ్‌లో ప్లంబర్ పని చేసే మా మండలపువాడు పక్కనుంచి అరిచాడు. "బండికి తాపితివి, నీకేం ఉంచుకున్నవ్ బావా?"

"రెండు బాటిళ్లున్నయి తియ్ బావా. నీ లెక్క బీరు కాదు, నీళ్లే."

నవ్వారు. నేనూ నవ్వాను.

పాత రోడ్డు సంగతి చెప్పాలి. లోడు ఎక్కువైతే పెద్ద రోడ్డు మీది తూకం దగ్గర పట్టుకుంటారు. అందుకని మా కంపెనీ డ్రైవర్లు ఒక్కోసారి పాత రోడ్డులోకి దిగేవాళ్లు. ఇసుక కప్పిన తారు అది. రోజుకు ఒక బండి కనబడితే గొప్ప. ఆ దారి కూడా వాడికి నేనే చూపించాను.

మా గదిలో వంట చేసేది గోదావరి జిల్లా తమ్ముడు. పొద్దున తెలుగు వాళ్ల ప్రార్థనకు వెళ్లొచ్చి గరిటె పట్టుకున్నాడు. అతను మెల్లగా అన్నాడు. "బాబాయ్, రెండు బాటిళ్లు ఏ మూలకండీ? ఆఫీసుకి చెప్పమనండి."

"నువ్వుండు" అన్నాను.

అల్లుడూ అదే అడిగాడు. "ఆఫీసుకు చేయాల్నా మామా?"

"చేస్తే పాత రోడ్డెందుకు పట్టినవని అడుగుతరు. ఖలాస్, వీసా కొట్టేసి ఇంటికి తోలుతరు. మతి ఉన్నదా నీకు?"

"ఈడ రోడ్డు పక్కన చిన్న బోర్డున్నది. దాని మీద ఏదో అంకె ఉన్నది. చదవాల్నా?"

"బోర్డుతోని నాకేం పనిరా? ఎడమ దిక్కు టవర్లు కనబడ్తున్నయా చెప్పు."

"రెండు కనబడ్తున్నయి."

"రెండో దాని దిక్కు మొఖం పెట్టి నడువు. గంట నడిస్తే ఒంటెల దొడ్డి వస్తది. సూడానాయన ఉంటడు. నీళ్లిస్తడు, ఆయనకు పికప్పున్నది. పైపు తెచ్చుకుని బిగించుకో, ఎవ్వనికి తెల్వది."

"ఎండ బాగున్నది మామా" అన్నాడు.

"ఎండకు భయపడేటోనివి గల్ఫుకెందుకచ్చినవురా?"

అందరూ మళ్లీ నవ్వారు. వాడూ నవ్వాడు. "సరే తియ్, పోతున్న. చార్జింగు తక్కువున్నది, ఆడికి పోయినంక చేస్త" అని పెట్టేశాడు.

ఆ దొడ్డికి నేను ఒకసారి నడిచి వెళ్లాను. నా బండి కూడా అక్కడే ఆగింది. సూడాన్ మనిషి ఒంటెపాలు ఇచ్చాడు. తాగి, ఆయన పికప్‌లో తిరిగొచ్చాను. ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఫోన్ పెట్టేసి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఒక సంగతి గుర్తొచ్చింది. నేను నడిచింది చలికాలంలో. మెడకు మఫ్లర్ చుట్టుకుని నడిచాను. వెంటనే ఫోన్ చేశాను. స్విచాఫ్.

పన్నెండున్నరకు పఠాన్ నమాజు నుంచి వచ్చాడు. అతనికి చెప్పాం. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చల్నే కో కిస్నే బోలా?" నడవమని ఎవరు చెప్పారని అడిగాడు.

నా ముఖం చూసి తెలుసుకున్నాడు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వో బాడా అబ్ నహీ హై, చాచా" అన్నాడు, ఆ దొడ్డి ఇప్పుడు లేదని. చోటు తనకూ తెలియదు గానీ, రెండేళ్ల కిందటే వాళ్లు ఒంటెల్ని తోలుకుని వెళ్లిపోయారని విన్నాడట. నేను ఆ దారి చూసి నాలుగేళ్లయింది.

అప్పుడు ఆఫీసుకు చేశాం. శుక్రవారం కాబట్టి ఎవరూ ఎత్తలేదు. మూడు గంటలకు సూపర్‌వైజర్ దొరికాడు. అతను అడిగింది ఒక్కటే, కిలోమీటరు బోర్డు మీద అంకె ఎంత? పాత రోడ్డు పొడవు వంద కిలోమీటర్ల పైన. అంకె చెబితే అటువైపు పోలీసులు నేరుగా వెళ్తారు. నేను తిరగబడ్డ డ్రమ్ము గురించి చెప్పాను. జంట టవర్ల గురించి చెప్పాను. అతను రెండుసార్లు విని, "చాచా, అట్లాంటి టవర్లు ఆ రోడ్డు మీద ఎన్ని లేవు?" అన్నాడు.

బండి శనివారం సాయంత్రం దొరికింది. వాడు ఆదివారం పొద్దున దొరికాడు.

దారి తప్పలేదు. అది నన్ను ఎక్కువ తినేస్తుంది. రెండో టవరు దిక్కు ముఖం పెట్టి, నేను చెప్పినట్టే తిన్నగా నడిచాడు. దొడ్డి ఉన్న చోటికే చేరాడు. అక్కడ ఒంటెలకు నీళ్లు పోసే సిమెంటు తొట్టి మాత్రం మిగిలి ఉంది. వాడు దాని పక్కనే ఉన్నాడు. తొట్టి అడుగున ఇసుక తోడినట్టు ఉందని, చూసొచ్చినవాళ్లు చెప్పారు. బండి కింద నీడ అలాగే ఉంది, రెండు స్టెపినీ టైర్లూ అలాగే ఉన్నాయి.

సూపర్‌వైజర్ మా గదికి వచ్చి అడిగాడు, అతన్ని నడవమని ఎవరైనా చెప్పారా అని. సల్మానియా ఆసుపత్రిలో క్లీనింగ్ డ్యూటీ చేసే మా ఊరివాడు అందరికంటే ముందు జవాబిచ్చాడు. "లేదు సార్, తనే నడిచాడు." నన్ను కాపాడాననుకున్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. కాగితంలో అదే రాసుకుని వెళ్లాడు.

మా అక్క ఇప్పటికీ ఫోన్ చేసి అదే అడుగుతుంది. "తమ్మీ, బండి దగ్గర కూసోక ఎందుకు నడిచిండురా వాడు? నువ్వు అన్ని చెప్పి పంపితివి గదా."

"తెల్వదక్కా" అంటాను.

అక్షరాలు ఆ తర్వాత నేర్చుకున్నాను. గోదావరి తమ్ముడే నేర్పాడు, బియ్యం బస్తాల మీదివి, మందుల డబ్బాల మీదివి చూపించి. అరబ్బీ అంకెలు కూడా వచ్చాయి. యార్డు గేటు దగ్గర ఇప్పుడు ప్రతి బోర్డూ చదువుతాను. ఒక్కటీ పనికిరాదు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు నా దగ్గరికొచ్చి ఆ దారి ఎట్లా ఉంటుంది చాచా అని అడుగుతారు. పఠాన్‌ను అడగండి అంటాను. వాళ్లు అతని దగ్గరికి పోతారు, రెండు డ్రమ్ముల సంగతి వింటారు, నవ్వుకుంటూ బయటికొస్తారు. ఒక్క క్యాను వేసుకుని బయల్దేరతారు. గేటు తీసేది నేనే. ఇంకా ఎవరో ఒకరు నడుస్తారు. నేను ఆపలేను, నా మాటకు ఇక విలువ లేదు, ఉండకూడదు కూడా.

మా అక్కకు చదువు రాదు. ఇది రాసే ధైర్యం నాకు అందుకే వచ్చిందేమో.

ఆ శుక్రవారం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, లాండ్రీ షాపు మీది గదిలో ఉన్నవాళ్లు వీళ్లు. సల్మానియా ఆసుపత్రిలో పనిచేసే మా ఊరివాడు. అమ్వాజ్‌లో పనిచేసే ప్లంబర్. చేతిలో గరిటెతో గోదావరి తమ్ముడు, నీళ్లు చాలవని అన్నది అతనొక్కడే. ఫోన్‌లో మా అక్క కొడుకు. నడువు అని చెప్పిన నేను. పఠాన్ లేడు, నమాజుకు వెళ్లాడు.