వెనక్కి తీసుకోలేని ఎత్తు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, వేసవిలో, నన్ను ఒక కొత్త ఆటకు టెస్ట్ లీడ్‌గా వేశారు. ఆటకు అమ్మకం పేరు వేరే ఉంది. ఆఫీసులో మాత్రం అందరం దాన్ని ‘దొరాట’ అనేవాళ్ళం. మా స్టూడియో నారాయణగూడలో ఒక బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నేను నడిచే వెళ్ళేవాణ్ణి. రిటైరయ్యే ముందు నా చేతికి వచ్చిన చివరి పెద్ద పని అదే.

మా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. కంప్యూటర్ ఆటలు బజారుకు పోయేముందు వాటిని ఆడి తప్పులు పట్టేవాళ్ళు టెస్టర్లు. వాళ్ళ పైన సీనియర్ టెస్టర్, ఆయన పైన టెస్ట్ లీడ్. ప్రోగ్రామర్లు రోజూ సాయంత్రానికి ఆటకు ఒక తాజా ప్రతి తయారు చేస్తారు. దాన్ని బిల్డ్ అంటాం. టెస్ట్ లీడ్ సరేనని సంతకం పెట్టనిదే ఏ బిల్డూ గడప దాటకూడదు. హోదాలో చిన్నవాళ్ళమే గాని ఆ ఒక్క అధికారం మాత్రం గట్టిది. మా బావమరిది ప్రతి పెళ్ళిలోనూ పదిమంది ముందు, “ఆడుకుంటే జీతమిచ్చే ఆఫీసట, మా బావది పెట్టిపుట్టిన జాతకం” అనేవాడు. ఆటలో ఒకే తలుపును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచి మూయడం ఎంత ఆటో వాడికి చెప్పి లాభం లేదు. కానీ ఇప్పుడు తలుచుకుంటే వాడన్నదే నిజమనిపిస్తుంది. నిజంగా పెట్టిపుట్టినవాణ్ణే.

దొరాట పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన ఆట. ఆడేవాడే అందులో విలన్. ఒక ఊరికి కొత్తగా వచ్చిన దొర, ఆ ఊళ్ళో మాట చెల్లే ఐదుగురిని తనవైపు తిప్పుకుని, ఊరిని గుప్పిట్లో పెట్టుకోవాలి. ఆ ఐదుగురూ డాక్టరమ్మ, ఇన్‌స్పెక్టరు, గాయని, పత్రికా సంపాదకుడు, జడ్జి. జడ్జి కూడా స్త్రీయే. ఒక్కొక్కరికీ తెరమీద రెండు కొలతలు ఉంటాయి. ఒకటి లొంగుబాటు, రెండోది అనుమానం. మొదటిది పెంచాలి, రెండోది పెరగనివ్వకూడదు. అది నిండితే దొర ఓడినట్టే. చేతిలో ఉన్నవి సామ దాన భేద దండోపాయాలు, వాటికి తోడు ఐదోది మోహం. ఆ ఐదోదాని వల్లే పెద్దలకు మాత్రమే అన్న ముద్ర. ఆ దృశ్యాలను ఎలా పరీక్షిస్తారని మిత్రులు కన్నుగీటి అడిగేవారు. దీపం ఆరాక తెర పూర్తిగా నల్లబడిందా, పాట వేళకు ఆగిందా అని చూడటమే మా పరీక్ష. చెబితే అందరూ నిరాశపడేవారు.

ఈ ఆటను అల్లింది ప్రసన్న. జనగామ వైపు అమ్మాయి, అప్పటికి ముప్పై దాటింది. గ్రూప్స్ పరీక్షలకని అశోక్‌నగర్ హాస్టల్లో ఏళ్ళ తరబడి చదివి, అది వదిలేసి, ఇంట్లో పోట్లాడి మా దగ్గర గేమ్ డిజైనర్‌గా చేరింది. అంటే ఆట నియమాలు రాసే మనిషి. ఇది తన మొదటి సొంత ఆట. దండోపాయానికి ఇంత తక్కువ బలం పెట్టావేమిటమ్మా అని ఒకసారి అడిగాను. “కొట్టి లొంగదీసుకున్నోళ్ళ కన్న పెట్టి లొంగదీసుకున్నోళ్ళే ఎక్కువని మా తాత చెప్తుండె సార్. దొరలను ఆయన జూసిండు” అంది. ఆ మాట మీదే ఆట మొత్తం నిలబడింది. ఏమీ అడగకుండా చేసిన ఉపకారం కొన్ని రాత్రుల తర్వాత పండేది. ఒకసారి లొంగినవాడు తన స్నేహితులను తానే దొర దగ్గరికి తెచ్చేవాడు. దీన్ని గొలుసు అనేవాళ్ళం. గొలుసు సాగుతున్నంతసేపు అనుమానం దొర మీదికి రాదు. విలన్ ఆటల్లో ఇంత నెమ్మదైన దుర్మార్గం నేను ఎక్కడా చూడలేదు.

ఆమె పెట్టిన ఇంకో నియమం ‘కాదు’. మనిషిని సరిగ్గా అంచనా వేయకుండా తప్పుడు ఎర వేస్తే ఆ మనిషి కాదంటుంది. మర్నాడు మిగతావాళ్ళను హెచ్చరిస్తుంది. గొలుసు తెగుతుంది.

ఇంత ఉన్నా వర్షాకాలం మొదలయ్యేసరికి ఆట ప్రాణం మీదికి వచ్చింది. ఖర్చు పెట్టుకుని ఆటను అమ్మిపెట్టే సంస్థను మేం పబ్లిషర్ అంటాం. మా పబ్లిషర్ బెంగళూరులో ఉండేది. మేం పంపిన బిల్డులు ఆడి, ఐదుగురూ ఒకేలా ఉన్నారనీ, ఎక్కడా ఉత్కంఠ లేదనీ రాశారు. మా టెస్టర్లూ దాచకుండా అదే అన్నారు. పబ్లిషర్ తరఫున రేవతి గారనే ఆవిడ స్వయంగా వచ్చి చూసి, కొనసాగించాలో ఆపాలో తేలుస్తారని కబురు వచ్చింది. ఆపితే జట్టును విడగొడతారు. ప్రసన్న నా గదికి వచ్చి, “గిది బయటికి రాకపోతె మళ్ళ హాస్టల్‌ల పుస్తకాలు ముందటేసుకోని కూసోవాలె సార్. మా నాయినకు ఇంకో మాట చెప్పలేను” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది.

నేను డిజైనర్‌ను కాను. నియమం మార్చమనే హక్కు నాకు లేదు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఆడేవాడి వెనక నిలబడటం. ఆటను చూడను, ఆడేవాడి చేతులు చూస్తాను. మా సీనియర్ టెస్టర్ విఠల్ వెనక అలాగే నిలబడ్డాను. ఈ విఠల్ కవాడిగూడలో క్యారమ్స్‌కు పేరు మోసినవాడు, చేయి మహా చురుకు. డాక్టరమ్మ మీద మోహం విసిరాడు, ఆవిడ కాదంది. ఆవిడ మాట పూర్తయ్యేలోపే విఠల్ వేలు ఒక మీట నొక్కింది. ఆట ఒక రాత్రి వెనక్కి పోయింది. ఈసారి దానం, అది ఫలించింది. పక్క కుర్చీకి వెళ్ళాను. అక్కడా అంతే. గది మొత్తం అంతే.

ఆ మీట టెస్టర్ల కోసం పెట్టింది. తప్పు దొరికితే దాన్ని మళ్ళీ రప్పించి చూపాలి గనక, ఆటను ఏ క్షణానికైనా వెనక్కి తిప్పే వసతి టెస్టర్ బిల్డులో ఉంటుంది. కొనేవాడి బిల్డులో ఆ మీట ఉండదు. మావాళ్ళకు అది చేతికి అలవాటైపోయింది. కాదని వినపడగానే వెనక్కి. పబ్లిషర్‌కు మేం నెలల తరబడి పంపినవీ టెస్టర్ బిల్డులే. ప్రసన్న ఆట తయారైంది గాని, దాన్ని ఆడినవాడు ఇక్కడా బెంగళూరులోనూ ఒక్కడు లేడు.

ఆ వారం మీట తీయించేశాను. గదిలో గోల మొదలైంది.

“గట్లయితె దినమంత మట్టిల కలుస్తది సార్. ఒక్క తప్పుకు మొదటికెల్లి ఆడాల్నా?” అన్నాడు విఠల్.

“మీ కవాడిగూడలో స్ట్రైకర్ వదిలాక మళ్ళీ చేతిలోకి తీసుకుంటారా?” అన్నాను.

“గదెట్ల తీస్కుంటం సార్, తంతరు.”

“ఇక్కడా అంతే అనుకో.”

మొదటిరోజే విఠల్ ఓడిపోయాడు. ఆటలో డాక్టరమ్మ కాదన్న మర్నాడు సంపాదకుడు తలుపు తీయలేదు, గాయని ఉత్తరాలు ఆపేసింది, అనుమానం నిండిపోయింది. మనవాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సాయంత్రం చాయ్ దగ్గర ఉన్నట్టుండి, “ఆ డాక్టరమ్మకు నిద్ర లేదు సార్. కండ్లు జూసిన్రా? ఆమెకు మోహం ఎందుకు, ఒక్క రాత్రి ఆమె డ్యూటీ ఇంకెవరన్న జూస్తె సాలు” అన్నాడు. అంతకాలం ఆవిడను పరీక్షించినవాడు ఆవిడ మొహం చూసింది ఆ రోజే. మర్నాటి నుంచి చాయ్ దగ్గర ఇదే చర్చ. ఇన్‌స్పెక్టరుకు భయం పనిచేస్తుందా, పొగడ్తా అని గొంతులు లేచేవి. నాకు ఆ గోల వినడం హాయిగా ఉండేది.

అయితే ఆ వారమే అసలు గండం బయటపడింది. ఇద్దరు కాదంటే ఊళ్ళో ఇక ఏ తలుపూ తెరుచుకునేది కాదు. దొర వీధుల్లో తిరుగుతూనే ఉంటాడు. గెలవడు, ఓడడు, ఆట ముగియదు. తప్పులకు మా దగ్గర తరగతులున్నాయి. రంగు చెదిరితే చిన్నది, లెక్క తప్పితే పెద్దది, ఆట ముందుకు కదలకపోతే అన్నిటికన్నా పైది, దాన్ని బ్లాకర్ అంటాం. బ్లాకర్ ఉండగా సంతకం పెట్టడానికి వీల్లేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల, ‘కాదు’ను తీసేస్తే పోలేదా అన్నారు ప్రోగ్రామర్లు. వాళ్ళన్నదాంట్లో తప్పు లేదు, రేవతి గారు రావడానికి వారమే ఉంది.

ప్రసన్న ఒప్పుకోలేదు. రెండు రోజులు కాగితాల మీద లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. మూడోరోజు పొద్దున ఒక కొత్త నియమంతో వచ్చింది. దాని పేరు ‘తగ్గుడు’. కాదన్న మనిషి గుమ్మం ముందుకు దొర పగటిపూట, నలుగురూ చూస్తుండగా వెళ్ళి, ఇక మీ జోలికి రానని మాటివ్వాలి. ఆ మనిషి ఆటలో ఇక ఎప్పటికీ దక్కదు, గెలవడానికి మిగిలినవాళ్ళు లొంగితే చాలు. దానికి బదులు ఊరి అనుమానం సగానికి దిగుతుంది, మూసుకున్న తలుపుల్లో ఒకటి తెరుచుకుంటుంది. నా ఉద్యోగకాలంలో నేను పరీక్షించిన నియమాలన్నిటిలో నాకిష్టమైనది ఇదే. ఎవరిని లొంగదీయాలన్న ఆట, ఎవరిని వదులుకోవాలన్న ఆటగా మారిపోయింది. చేయి తిరిగినవాళ్ళు మొదట్లోనే ఒకరిని వదులుకుని, మిగతా నలుగురి మీద నిదానంగా పనిచేసేవారు. అత్యాశపరులు ఐదుగురినీ పట్టుకుని వేలాడి మునిగేవారు.

రేవతి గారు వచ్చిన రోజు నేను ఆవిడకు కొనేవాడి బిల్డు ఇప్పించాను. ఆవిడ కూర్చోకముందే తన అభిప్రాయం చెప్పేశారు. “విలన్ ఆటండీ ఇది. డబ్బిచ్చి కొన్నవాడు కాదనిపించుకోవడానికి కొంటాడా? అది తీసేస్తే ఆలోచిద్దాం” అన్నారు. ముందు ఆడి చూడమని బతిమాలాను. ప్రసన్న గోడకు ఆనుకుని నిలబడింది.

ఆవిడ బాగా ఆడారు. ముగ్గురిని గొలుసు కట్టారు. ఆ ఊపులో జడ్జిగారి మీద మోహం విసిరారు. జడ్జిగారు చదువుతున్న కాగితం మీంచి తలెత్తి, కాదని ఒక్క మాట అని, మళ్ళీ కాగితంలోకి చూశారు. రేవతి గారి వేలు మీట కోసం వెళ్ళింది. అక్కడ మీట లేదు.

“వెనక్కి వెళ్ళడం ఎలాగండీ?” అన్నారు నా వైపు తిరిగి.

“వెళ్ళలేమండీ” అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. భోజనానికి పిలిస్తే చేత్తోనే ఆగమన్నారు. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. చాలాసేపు ఆలోచించి, చివరకు దొరను జడ్జిగారి గుమ్మం ముందుకు నడిపించి తగ్గారు. మధ్యాహ్నం బాగా దిగాక ఊరు గెలిచారు. ఆఖరి తెరలో ఊళ్ళో ఇళ్ళ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, జడ్జిగారిది తప్ప.

“ఇంకోసారి ఆడితే ఈవిడను పట్టే దారి ఉందా?” అని ప్రసన్నను అడిగారు.

“ఉంది మేడమ్. మిగిలిన నలుగురు ముందు లొంగితె ఆఖరికి ఆమె గూడ లొంగుతది.”

రేవతి గారు ఆ దీపాన్నే చూస్తూ, “ఆ దారి మూసేయండి. ఎవరు ఎలా ఆడినా ఈవిడ లొంగకూడదు. మిగతాదంతా ఇలాగే ఉంచండి” అన్నారు.

ప్రసన్న అప్పుడు ఏడ్చింది. నేను ఎటో చూస్తూ కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ‘కాదు’ను తీసేయమన్న మనిషి తన మాటను తానే వెనక్కి తీసుకోవడం ఆఫీసుల్లో తరచుగా జరిగేది కాదు. రేవతి గారికి ఇప్పటికీ నా నమస్కారాలు. ప్రసన్నకైతే నేను రుణపడే ఉన్నాను. ఆమె ‘కాదు’ను తీసేసి ఉంటే నేను తప్పుల్లేని బిల్డని సంతకం పెట్టేవాణ్ణి, ఆ సంతకం చెల్లేది కూడా.

ఆట బయటికి వెళ్ళింది, నిలబడింది. ఆడేవాళ్ళ సందేహాలకు జవాబు రాయడం మా దగ్గర టెస్ట్ లీడ్ విధుల్లో ఒకటి. రిటైరయ్యే వారం ఒకాయన కోపంగా రాశాడు. ఐదు ఉపాయాలూ అన్ని వరసల్లోనూ వేసి చూశాననీ, జడ్జిని లొంగదీసే అసలు కిటుకు ఏమిటో చెప్పి తీరాలనీ అడిగాడు. కిటుకు లేదనీ, ఆవిడ లొంగదనీ జవాబు రాశాను. ఆఫీసు తరఫున నేను రాసిన ఆఖరి మాట అదే.

ఈ పని నాకు నేర్పింది ఒక్కటే. ఆడేవాడికి లేని వసతి పరీక్షించేవాడికి ఉంటే, వాడు పరీక్షించేది వేరే ఆటను. సంతకం పెట్టేముందు ఒక్కసారైనా ఆ వసతి వదులుకుని, ఓడిపోయి చూడాలి.