నాయన చెయ్యి, సుమారు సూత్రం

మా నాయన ఎవరి మాటా ఒక పట్టాన నమ్మడు. సత్యవేడు దగ్గర తోటలో నిచ్చెన మీది నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తిరుపతిలో నా దగ్గరికి తెచ్చుకుని ఎక్స్‌రే తీయిస్తే, ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలంది డాక్టరమ్మ. "మునుపటిలా తిరుగుతుందనే అనుకుంటున్నాం, పూర్తిగా అని మాత్రం ఇప్పుడే చెప్పలేం" అని కూడా అంది. మామిడి అంట్లు కట్టే చెయ్యి అది. ఆ చివరి మాట దగ్గరే నాయన ఆగిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక ఇంటర్ అమ్మాయికి గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నాను. ఈ సూత్రమే చివరిదా మేడమ్ అని అడిగింది. కాదన్నాను. రాయి పడటానికీ, ఉపగ్రహం తిరగడానికీ ఇది చాలు. సూర్యుడికి దగ్గరగా తిరిగే బుధుడి విషయంలో లెక్క కొంచెం తప్పుతుంది. దాన్ని తర్వాతి సిద్ధాంతం సరిచేసింది కానీ, కృష్ణబిలం నడిమధ్యలో అదీ చేతులెత్తేస్తుంది. మంచం మీద నుంచి నాయన అంతా విన్నాడు.

అమ్మాయి వెళ్ళగానే అందుకున్నాడు. "భూమి లాగేది గూడా సుమారు లెక్కేనా? ఇన్నేండ్లూ పిల్లోళ్ళకు ఇదేనా సెప్పింది? ఇంక ఆ డాక్టరమ్మను ఏం నమ్మేది? పుత్తూరుకు పోయి నాటు కట్టు కట్టించుకుందాం పా."

"సుమారంటే అబద్ధం కాదు నాయనా. యాడిదాకా పనిజేస్తాదో తెలుసుకుని సెప్పడం. నిచ్చెన మింద నుంచి సుమారుగానే పడినావా ఏం?"

నాయన నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి వంకరగా అతుక్కుంటే ఈ మనిషి ఎలా బతుకుతాడని భయమూ వేసింది. అయినా ఆయన పంతమే నెగ్గి, పొద్దున్నే పుత్తూరు బస్సెక్కాం.

అక్కడంతా ఆకు పసరు వాసన. తెల్లసొన పూసే గుడ్డలూ, వెదురు బద్దలూ సిద్ధంగా ఉన్నాయి. కట్టు కట్టే ఆయన నేనిచ్చిన ఎక్స్‌రేను కవర్లోంచి తీయనే లేదు. "సరిపోతాదప్పా, భయపడొద్దు" అన్నాడు. ఇక నాయన ఇక్కడే చెయ్యి చాచేస్తాడనుకున్నాను.

నాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీ కట్టు యాడిదాకా పనిజేస్తాది? కుదరని ఎముక ఏదన్నా ఉండాదా?"

"మా చేతిలో కుదరని ఎముకే లేదప్పా."

నాయన లేచి బయటికి నడిచాడు. తిరుపతి బస్సు కోసం నిలబడ్డాక అన్నాడు.

"తనకు తెలియంది యాడుండాదో ఆ డాక్టరమ్మకైనా తెలుసు. ఆపరేషనే సేయించు పాపా. సెయ్యి రాకపోతే మాత్రం నిన్నే తిడతా."