అందకుండా చుట్టేసిన తాడు

మా పిన్ని కాస్త కునుకు తీయడానికే మిషన్లు ఆపించిందని మా కుట్టు ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటోంది. ఆమె పక్క మిషను మీద కుట్టేది నేనే. నన్నెవరూ అడగలేదు.

తప్పు కనబడితే ఎవరైనా లాగి పని ఆపవచ్చని ప్రతి వరుసకూ ఎర్ర తాడు కట్టించింది యాజమాన్యమే. ఆ రోజు మా చేత చప్పట్లు కూడా కొట్టించారు. తీరా పిన్ని లాగితే సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ఆమె చూపిస్తున్న చొక్కా వైపు చూడనైనా లేదు.

"ఏమ్మా, నిద్రొచ్చిందా? మన వరుస ఒక్కసారీ ఆగలేదని పైవాళ్లు మెచ్చుకుంటుంటే నీ కళ్లు మండాయా?"

"లాగమని మీరే కదయ్యా చెప్పారు!"

"చెబితే మాత్రం లాగేస్తావా?"

అందరూ నవ్వారు. పెళ్లి కాకముందు నుంచి కుడుతున్న మనిషిని మిషను మీద నుంచి లేపి, గుడ్డ పీలికలు ఊడ్చే పనిలో పెట్టారు. తాడును ఎవరికీ అందకుండా పైకి చుట్టేశారు. ఇప్పుడు మా వరుసలో తప్పులే లేవట! కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికైనా ఇంత ధీమా ఉండదు.

ఆ పూట మేము కుడుతున్నవి పసిపిల్లల చొక్కాలు. పిన్ని చూపించిన చొక్కా మెడపట్టీలో విరిగిన సూది మొన ఉంది.