చక్రాల ఇంటికి ఆగ్నేయ మూల

పొద్దున మా మరదలు ఫోనుకు ఫోటో పంపింది. నిన్న సాయంత్రం పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున బండి ఆపుకుని, అందులోని పొయ్యి మీద చాయ్ కాస్తుండగా మా తమ్ముడు తీశాడట. ఆవిడ చిక్కిందా, ఒళ్లు చేసిందా అని చూడాల్సింది పోయి, నేను రెండు వేళ్లతో ఆ ఫోటోను పెద్దది చేసి చేసి డ్రైవరు సీటు వెనక మూలను వెతికాను. వయసు మీద పడ్డా ఈ కుళ్లు నన్ను వదల్లేదని ముందే ఒప్పుకుంటున్నాను; మీలో ఆడబిడ్డలైనవాళ్లకు వేరే వివరించనక్కర్లేదు.

వేసవిలో అమ్మ బీడీలకు వాడే తునికాకు కోయడానికి అడవిలోకి పోతే, ఆ తమ్ముడు నా చంకలోనే పెరిగాడు. ఆకు కట్టలు తీసుకుపోయే లారీ, ఆకు ఆరబెట్టే కల్లం దగ్గరికి వచ్చిందంటే చాలు, దాని చుట్టూ తిరిగి తిరిగి వచ్చి, “అక్కా, నేను పెద్దగైనంక లారీ కొంట, నిన్ను ముందల కూసోబెట్టుకొని తిప్పుత” అనేవాడు. అన్నవాడు మరిచిపోయినా విన్నదానికి గుర్తుంటుంది కదా. ఇల్లందులో బొగ్గుబాయి పని చేసే మా ఆయన చేయి పట్టుకుని వచ్చాక, అంగన్‌వాడీలో పిల్లలతో నా రోజులు గడిచిపోయాయి. ఆయనకేమో బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది, గడప దాటడు. భద్రాచలం రాముణ్ణి చూడ్డానికి కూడా నేను ఒక్కదాన్నే బస్సులో నిలబడి పోయి నిలబడి వచ్చేదాన్ని.

ఏడెనిమిదేళ్ల కిందట, పాల్వంచలో వెల్డింగు పని చేసి చేసి రిటైరైన మా తమ్ముడు, ఒక పాత చిన్న లారీ కొని దాని మీద ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. ఇనుప చట్రం తనే వెల్డింగు చేసుకున్నాడు, ఎండ తగలకుండా రేకుకూ ప్లైవుడ్‌కూ నడుమ థర్మోకోల్ కుక్కాడు, తుక్కు దుకాణంలో పాత బస్సు కిటికీలు ఏరి తెచ్చి బిగించాడు, పైన నీళ్ల ట్యాంకు పెట్టి లోపలికి నల్లా తిప్పాడు. మరదలు ఆ కిటికీలకు పూల పూల పరదాలు కుట్టింది. వారానికోసారి పనిగట్టుకుని పోయి చూసేదాన్ని. చూసి ఊరుకోవచ్చు కదా, లెక్క పెట్టాను. బెర్తులు రెండే. ఒకటి వాడికి, ఒకటి ఆవిడకు. నాకు ఒళ్లు మండిపోయింది. చంకనెత్తుకుని మోసినదాన్ని నేను, ముందు సీట్లో కూర్చునేది ఆవిడా!

కడుపుమంట కడుపులోనే ఉంటుందా? ఏదో ఒక వంక దొరకాలి, దొరికింది. బండి ఎప్పుడూ వాకిట్లో తూర్పు ముఖంగా నిలిపి ఉండేది. వంట వేడి బయటికి పోవడానికి వీలుగా ఉంటుందని పొయ్యిని వెనక తలుపు దగ్గర, కుడివైపు పెట్టుకున్నాడు వాడు. “నైరుతిల నిప్పేందిరా, ఇల్లు అగ్గిపాలు గావాల్నా? పొయ్యి ఆగ్నేయంల ఉండాలె” అని గొంతు లేపాను. మరదలు కిసుక్కున నవ్వి, “బండి తిరిగితే మూలలు గూడ తిరుగుతయి గద వదినె” అంది. ఆ నవ్వుతో నా పట్టు రెట్టింపైంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అన్నారా! తమ్ముడు డ్రైవరు వెనక మూలకేసి కాసేపు చూసి, “అక్క చెప్పింది గద, మారుద్దాం తియ్” అన్నాడు. ఆ రోజు బస్సులో ఇల్లందు దాకా నిలబడే వచ్చినా కాళ్ల నొప్పి తెలియలేదు.

బండి పూర్తయ్యాక పాలు పొంగించడానికి నన్నే పిలిచారు, ఆడబిడ్డనే కదా పొంగించాలి. కొత్త చీర కట్టుకుని, నేను మార్పించిన మూలలో, నేను మార్పించిన పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడ్డాను. పొయ్యి గట్టు పక్కన గోడకు, మోకాలెత్తున, మరలు ఊడదీసిన బొక్కలు వరసగా కనిపించాయి. ఇవేందని మరదల్ని అడిగాను. ఈసారి ఆవిడ నవ్వలేదు.

“అది నీ బెర్తు వదినె, మడత చెక్క. నీకు మోకాళ్ల నొప్పులు గద, ఎక్క దిగ అల్కగ ఉండాలని మా బెర్తుల కన్న జానెడు కిందికి పెట్టిండు. పాలు పొంగినంక నీకే చూపిద్దమని, చెప్పొద్దన్నడు. పొయ్యి ఇటు జరిగినంక చెక్కకు జాగ లేకపాయె.”

పాలు పొంగాయి. తూర్పుకే పొంగాయని అందరూ సంబరపడ్డారు. నా కళ్లు చూసి ఏమైందంటే పొగ తగిలిందన్నాను. గ్యాసు పొయ్యికి పొగేమిటని ఒక్కరూ అడగలేదు. మళ్లీ మార్చమనకపోయావా అంటారేమో, ఏ నోటితో అడగను? కింద పరుపేస్త రా అక్కా అని వాడు ఇప్పటికీ పిలుస్తాడు. కింద కూర్చుంటే లేవలేను, రానని చెప్పను, రేపు మాపు అంటాను.

ఫోటోలో ముందు కిటికీలోంచి పొద్దు గుంకుతోంది. అంటే బండి ముఖం పడమరకు ఉంది, నా ఆగ్నేయం పొయ్యి వాయవ్యానికి పోయింది. మరదలు చెప్పిందే నిజం. ఆ రోజుల్లో ఆకు కల్లంలో మూడు రాళ్లు ఏ దిక్కున పెట్టి అన్నం వండుకున్నామో, ఒక్క గోనెపట్టా మీద అమ్మా, వాడూ, నేనూ ఎటు తల పెట్టి పడుకున్నామో ఎవరం చూసుకోలేదు. ముగ్గురికీ జాగా సరిపోయేది. ఇప్పుడు జాగా చూసి పెట్టినవాడు ఉన్నా, నేనే పోగొట్టుకున్నాను.

ఆ మడత వేపచెక్కను వాడే తెచ్చి మా వరండా గోడకు బిగించి పోయాడు. మధ్యాహ్నాలు మడత విప్పుకుని దాని మీదే నడుం వాలుస్తాను. నా మోకాళ్లకు ఎత్తు సరిగ్గా సరిపోయింది.